పాకే కృష్ణుడి ముఖం

తుని,
10-6-2024

వదినగారికి ప్రసన్న నమస్కరించి రాస్తున్న సంగతులు.

కృష్ణుడు నిన్న సాయంత్రం క్షేమంగా మా ఇంటికి చేరాడు. మీ పక్కింటి చంద్రరావు బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడట. ఆ మూట కింద పెడితే నేను కూర్చుంటానని ఒక పెద్దావిడ అడిగితే, ఇందులో దేవుడున్నాడమ్మా అని చెప్పి, తనే లేచి ఆవిడకి సీటిచ్చి అన్నవరం దాకా నిలబడే వచ్చాడట. కాఫీ ఇచ్చి పంపాను.

ఇక మూట విప్పాక సంగతి వదినా. మీ దగ్గర నాకు దాపరికం ఏంటి, ఉన్నదున్నట్టే రాస్తాను. స్వామి పెనం అడుగులా నల్లగా ఉన్నాడు. మోకాళ్ళ దగ్గర, వెన్నముద్ద పట్టుకున్న చేతి సందులో పచ్చగా కిలుం పట్టింది. ఈ రెండేళ్ళలో ఆయన ఒంటి మీద చుక్క నీళ్ళయినా పడ్డాయా? గడపకి పసుపు తక్కువైతే పనిమనిషిని నిలబెట్టి అడిగే మనిషి మీరు. మీ ఇంటి నుంచి ఇలా వస్తాడని కలలో కూడా అనుకోలేదు.

ఆశాజ్యోతి చూడకముందే పైన తువ్వాలు కప్పేశాను. దానికి ఏడో నెల వచ్చింది, పుట్టింటికి వచ్చి పది రోజులైంది. మా నాయనమ్మ పెట్టిన పద్ధతి దానికి వివరంగా చెప్పాను. మన ఇళ్ళలో ఎవరు కడుపుతో ఉంటే కృష్ణుడు ఆ ఇంటికి వెళ్ళాలని, ప్రతి గురువారం ఆ పిల్లే తన చేత్తో తోమి నీళ్ళు పోయాలని, పసిబిడ్డని పట్టుకోవడం చేతికి అలా అలవాటవుతుందని. అది నవ్వి, యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయిలే అంది గానీ, కృష్ణుడు ఎప్పుడొస్తాడని రోజుకి రెండుసార్లు అడుగుతూనే ఉంది. ఆయన ముఖం చెడితే కడుపులో బిడ్డకి మంచిది కాదని మా అమ్మ అనేది కదా, ఆ మాట మాత్రం చెప్పలేదు. మీ ఇంట్లో భానుతేజ వాళ్ళకి జరిగింది దానికి తెలుసు. ఇంకెందుకు భయపెట్టడం.

మీరు కంగారు పడకండి. ఇత్తడి కొట్టు వాళ్ళ కోడలికి ఇత్తడి సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. బొమ్మ కొనుక్కెళ్ళే ప్రతి ఒక్కరికీ, తోమడం కాదమ్మా, తడి లేకుండా తుడవడం ముఖ్యం అని పాఠం చెప్పే పంపుతాను. అది మీకు కూడా చెప్పాల్సి వస్తుందనుకోలేదు. రేపటికల్లా స్వామిని తళతళలాడిస్తాను.

మీకు చెవి వినపడక, నేను ఫోన్లో అరిస్తే బేరాలకొచ్చినవాళ్ళు మన ఇంటి గుట్టంతా వింటారని మళ్ళీ కాగితం పట్టాను. కోపం వస్తే మీరూ రాయండి, కడుపులో పెట్టుకోకండి.

మీ ఆడపడుచు,
ప్రసన్న


పిఠాపురం,
16-6-2024

ప్రసన్నా,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివి తలగడ కింద పెట్టాను. ఏం రాసిందని మీ అన్నయ్య అడిగితే, అంతా కులాసా అని చెప్పాను.

నువ్వు రాసినదాంట్లో ఒక్క మాట కూడా తప్పు లేదు. నల్లబడ్డాడని తెలిసే పంపాను. పంపే ముందు తోముదామని చింతపండు నానబెట్టుకుని, కృష్ణుణ్ణి ముందు పెట్టుకుని కూర్చున్నాను కూడా. చెయ్యి వెళ్ళలేదు. ఎందుకని అడక్కు. పాతికేళ్ళ నుంచి నా చేతి పని చూసి మెచ్చుకున్నదానివి, నీ చేత ఇలా అనిపించుకోవడం నాకు తల కొట్టేసినట్టుంది.

ఇంత సిగ్గులోనూ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మీ కొట్లో బొమ్మలు వేరు, ఆయన వేరు. మీ నాయనమ్మ, మీ అమ్మ, నేను, నువ్వు, ఇందరం తోమగా ముక్కు సగం అరిగిపోయింది. కుడి కన్ను పక్కనుంచి వెలుతురు పడితేనే తెలుస్తుంది. మిగిలింది ఆ నవ్వు. అందుకని ముఖానికి చింతపండు పెట్టనివ్వకు. మజ్జిగలో కలిపిన శెనగపిండి చాలు, అదీ ఉంగరపు వేలితో. చింతపండు గుజ్జు ఒంటికి మాత్రమే. పట్టించి, ఫోన్ వచ్చిందని లేచిపోతే ఎర్రబారిపోతాడు. సందుల్లో కిలుం ఉంటే పాత గుడ్డని వత్తిలా పేని లాగాలి. ఆ తర్వాత పంచె గుడ్డతో తుడిచి పావుగంట ఎండ చూపిస్తే సరి. నలుపు ఒక్క రోజులో పోదు. పోకపోతే పోనీ, నాలుగు గురువారాలు గడిస్తే అదే తగ్గుతుంది.

ఇవన్నీ ఆశాజ్యోతే చెయ్యాలి. అయితే నువ్వు పక్కన కూర్చుని చూపించు. దాని చేతికిచ్చేసి కొట్లోకి వెళ్ళిపోకు. చిన్నపిల్ల, చూపించకపోతే దానికేం తెలుస్తుంది.

సీమంతం ఆషాఢం వెళ్ళాకే కదా. రెండు రోజులు ముందే వచ్చి మీ వంటింట్లో పడతాను. వెన్నప్పాలు నేనే చేస్తాను, ఎవరికీ పురమాయించకు. కృష్ణుణ్ణి కూడా ఒకసారి చేతిలోకి తీసుకుని చూసుకోవాలని ఉంది.

మీవారు జోగేశ్వరరావు అన్నయ్యగారిని అడిగానని చెప్పు. పిల్లకి నా దీవెనలు.

బుజ్జమ్మ


తుని,
26-6-2024

వదినగారికి,

మీ ఉత్తరం వచ్చి వారం దాటింది, జవాబు ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకండి. కొట్లో ఊపిరాడటం లేదు. మొన్న మంచి వాన పడి మా వీధిలో కరెంటు పోయింది. ఆశాజ్యోతికి ఇప్పుడు పుల్లమామిడికాయ కావాలట. సీజను అయిపోయాక అడుగుతుంది, వాళ్ళ నాన్న పోలికే. స్కానింగు తీయించాం, అంతా బాగుందన్నారు.

కృష్ణుడు మెరిసిపోతున్నాడు. చూసినవాళ్ళు కొత్తదా అని అడుగుతున్నారు. మీరు చెప్పినట్టే గురువారం గురువారం అది మజ్జిగ, శెనగపిండితో ముఖం తోముతోంది. నేను పక్కనే ఉంటున్నాను.

సీమంతం సంగతి. మిమ్మల్ని రావద్దనడం కాదు గానీ, మీ మోకాళ్ళతో ఆ బస్సులు ఎక్కి దిగడం అవసరమా అనిపిస్తోంది. ఇంటికి రంగులు వేయిస్తున్నాం, ఎక్కడివక్కడే ఉన్నాయి, మిమ్మల్ని ఎక్కడ పడుకోబెట్టాలో కూడా తెలియదు. పెద్దగా చెయ్యట్లేదు కూడా. వియ్యాలవారు నలుగురు, మేము నలుగురం, అంతే. ఫోటోలు అన్నయ్య ఫోనుకి పంపిస్తాం. కాన్పయ్యాక బారసాలకి తీరిగ్గా వద్దురుగాని.

కొట్లోంచి పిలుస్తున్నారు. ఉంటాను.

ప్రసన్న


పిఠాపురం,
4-7-2024

చిరంజీవి ప్రసన్నకి,

నిన్న గుడి దగ్గర సుబ్బాయమ్మ కనిపించింది. మీ పెదనాన్నగారి కోడలికి నీ సంగతులన్నీ నాకంటే ముందే తెలుస్తాయి. తుని సీమంతానికి ఏం చీర కట్టుకుంటున్నావని అడిగింది. ఆగస్టు పదకొండున అట. కళ్యాణ మండపం అట. రెండు వందల మందికి వంటవాళ్ళని మాట్లాడారట. నేనింకా అనుకోలేదని ఏదో చెప్పి తప్పించుకున్నాను. మెట్ల మీద కూర్చుండిపోయాను కాసేపు.

నాకు చెవులే పనిచెయ్యవు గానీ బుర్ర పనిచేస్తుంది. మనవడు దక్కని ఇంటి నుంచి మనిషి రాకూడదనుకున్నావు. ఎనిమిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయి, ఆ తర్వాత కోడలు పుట్టింటికి వెళ్ళి రెండేళ్ళుగా తిరిగి రాని ఇల్లు నాది. కృష్ణుణ్ణి కూడా నల్లగా పంపాను. వీటన్నిటినీ కలిపి చూసుకుని ఉంటావు. ఇక్కడ కూడా పెళ్ళిపందిళ్ళలో పసుపు దంచడానికి నన్ను ముందు పిలవడం మానేశారు. పిలవకపోవడం కాదు, నేను వెళ్ళేసరికి దంచేసి ఉంటారు.

నీ మీద కోపం లేదు. నీ కూతురి మీద నీకున్న భయం నాకు తెలియనిది కాదు. సొంత ఆడపడుచుకి ఇన్ని అబద్ధాలు రాయాల్సిన అవస్థ తెచ్చానే అని నా మీద నాకే రోతగా ఉంది. వచ్చి మీ అందరి ముందూ నిలబడి తెలుసుకోవడం కంటే కాగితం మీద తెలియడమే నయం.

సుబ్బాయమ్మ చేత పచ్చ గాజులు పంపుతున్నాను. నేను పంపానని చెప్పకుండానే తొడుగు. బారసాలకి నువ్వు మనసారా పిలిస్తేనే వస్తాను, మొహమాటానికి పిలవకు.

నీ వదిన


తుని,
8-7-2024

వదినా,

గాజుల పొట్లం ఒళ్ళో పెట్టుకుని మీ ఉత్తరం చదివాను. ఏంటమ్మా ఏడుస్తున్నావని ఆశాజ్యోతి అడిగితే ఉల్లిపాయలన్నాను. నా ముందు కత్తిపీట లేదు, ఉల్లిపాయా లేదు.

మీరనుకున్నది కాదు. అంతకంటే హీనమైంది. మీరొస్తే కృష్ణుణ్ణి చేతిలోకి తీసుకుంటారని మిమ్మల్ని రాకుండా ఆపాను.

మీకు మొదటి ఉత్తరం పోస్టు చేసి వచ్చి అదే రోజు చేశాను ఈ పని. మీ జాగ్రత్తలు అందేసరికి అంతా అయిపోయింది. కొట్టు వెనక షెడ్డులో పాలిషింగ్ మిషను ఉంది కదా. దుర్గాసాయి అని పదిహేనేళ్ళుగా దాని మీద పనిచేస్తున్నాడు. ముందు యాసిడ్ నీళ్ళలో ముంచమన్నాను. నలుపు పోయి ఎర్ర మచ్చలు తేలాయి. అయితే చక్రం మీద పెట్టమన్నాను. ఒళ్ళంతా చేసి, మిషను ఆపి, "ముఖం మీరు చేత్తో తోముకోండమ్మా, బాగా అరిగిన బొమ్మ" అన్నాడు. ఒళ్ళు మెరుస్తూ ముఖం నల్లగా ఉంటే ఏం బాగుంటుంది, పెట్టు అన్నాను. అతను నా వంక రెండోసారి చూశాడు. నేను తల ఊపాను. చక్రం ఆగేసరికి కన్ను లేదు, ముక్కు లేదు, మీరు చెప్పిన నవ్వు లేదు. కోడిగుడ్డులా నున్నగా ఉంది.

అక్కడితో ఆగినా బాగుండేది. షోకేసులోంచి అదే కొలత పాకే కృష్ణుణ్ణి తీశాను. ఫ్యాక్టరీ పూత పోయేలా సోడా నీళ్ళలో మరిగించి, కాస్త పాతగా కనబడాలని చింతపండు రాసి వదిలేసి, ఆశాజ్యోతి చేతిలో పెట్టాను. ఇన్ని చేతులు పడ్డా ముక్కు ఎంత చక్కగా ఉందో చూడమ్మా అంది అది. వారం వారం వాడికి నీళ్ళు పోసి తల తుడిచి కబుర్లు చెబుతోంది. నేను పక్కన కూర్చుని చూపిస్తున్నాను. అసలువాడు బియ్యం డబ్బాలో అడుగున ఉన్నాడు. నెల రోజులుగా ఆ డబ్బాలో ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వట్లేదు.

ఇంకొకటి కూడా ఉంది. మా ఆయన షెడ్డులోకి వచ్చి ఇదేంటని అడిగితే, దుర్గాసాయి చూసుకోకుండా పెట్టేశాడని చెప్పాను. అతను నా ఎదురుగానే నిలబడి ఉన్నాడు. ఆయన అతన్ని ఇక పనిలోకి రావద్దన్నారు.

మీకు గుర్తుందో లేదో, మీ కోడలు నీలవేణి స్టీలు పీచుతో కృష్ణుడి బుగ్గ గీకేసిందని రెండేళ్ళ క్రితం మీరు రాస్తే, ఆ పిల్లకి దేవుడంటే భయం లేదు, అనుభవించింది అని నేను జవాబు రాశాను. ఆ ముక్క నా చేత్తోనే రాశాను వదినా. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే అదే కనబడుతోంది. ఆ పిల్ల గీతలు పెట్టింది. నేను ముఖమే లేకుండా చేశాను. ఆ పిల్లకి జరిగింది నా కూతురికి జరుగుతుందా? మీరైతే అబద్ధం చెప్పరు. జరగదని మీరు రాస్తేనే నాకు నిద్ర పడుతుంది. జరుగుతుందనుకుంటే అదీ రాయండి, ఏం చెయ్యాలో చెప్పండి, ఏ గుడికైనా వెళతాను.

మీ ముందు తలెత్తుకోలేని
ప్రసన్న


పిఠాపురం,
15-7-2024

ప్రసన్నా,

ముందు నువ్వు అడిగినదానికి జవాబు. ఏమీ జరగదు. ఇత్తడి అరిగింది, అంతే. బొమ్మ ముఖానికీ కడుపులో బిడ్డకీ ఏ సంబంధమూ లేదు. స్కానింగులో బాగుందన్నారు, డాక్టరు మాటే పట్టుకో. ఏ గుడికీ వెళ్ళక్కర్లేదు. నిద్రపో.

నాలుగు రోజులుగా ఈ నాలుగు ముక్కలే రాసి ఆపేస్తున్నాను. ఇక్కడితో సంతకం పెట్టేస్తే నువ్వు నన్ను దేవతని చేస్తావు. ఈ ముక్కలు నాకు రెండేళ్ళ క్రితం కూడా తెలుసు. చెప్పాల్సిన మనిషి నా ఎదురుగా మంచం మీద ఉంది. ఆ మనిషికి చెప్పలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. బొడ్డుతాడు మెడకి చుట్టుకుందని, ఎవరి పొరపాటూ లేదని. మీ అన్నయ్య, భానుతేజ, నేను ముగ్గురం విన్నాం. నీలవేణిని ఇంటికి తెచ్చాక, మూడో రోజున, మగవాళ్ళు పనుల మీద బయటికి వెళ్ళారు. నేను దేవుడి గది సర్దుతూ కృష్ణుడి బుగ్గ మీద గీతలు చూశాను. ఎవరో ఒకరి మీద పడి ఏడవాలని ఉంది నాకు. ఆ బొమ్మ పట్టుకుని దాని మంచం దగ్గరికి వెళ్ళాను. "దేవుడి ముఖం గీకిన చేతులకి బిడ్డ ఎలా దక్కుతుంది" అన్నాను. పాలు తగ్గడానికి గుడ్డ కట్టుకుని పడుకుని ఉంది ఆ పిల్ల. తన రెండు చేతులూ దుప్పటి కిందికి తీసుకుంది. రెండు నెలల తర్వాత వాళ్ళ నాన్నతో వెళ్ళిపోయింది.

ఆ గీతలు కూడా నావే అనుకో. వాళ్ళ ఇంట్లో అన్నీ పటాలే, విగ్రహాలు లేవు. ఇత్తడి ఎలా తోమాలో దానికి తెలియదు. కృష్ణుణ్ణి చేతికిచ్చి వెళ్ళిపోయాను, ఒక్కసారి కూడా పక్కన కూర్చోలేదు. స్టీలు పీచు పట్టుకోవడం గుమ్మంలోంచి చూశాను. అడిగితే చెబుదామని ఊరుకున్నాను. కొత్త కోడలు వచ్చి నన్ను అడగాలి కదా. అదీ నా పెద్దరికం.

ఆ తర్వాత నేను ఆయన్ని ముట్టుకోలేదు. బట్టల బీరువాలో పెట్టి తాళం వేశాను. నల్లబడ్డాడని నువ్వు తిట్టినప్పుడు, తెలిసి తిడుతున్నావేమోనని భయపడ్డాను. తెలియదని అర్థమయ్యాక, హమ్మయ్య అనుకున్నాను. ఇంతకంటే సిగ్గుమాలిన మాట ఏదైనా ఉంటే నాకు తట్టడం లేదు.

దుర్గాసాయిని పనిలోకి పిలిపించు. ఆశాజ్యోతికి నిజం చెప్పు. అది భయపడితే ఈ ఉత్తరం మొదటి పేరా చదివి వినిపించు. తర్వాతది చూపిస్తావో లేదో నీ ఇష్టం.

బుజ్జమ్మ


తుని,
22-7-2024

వదినగారికి,

మీ ఉత్తరం చేతిలో పెట్టుకుని రెండు రోజులు కూర్చున్నాను. మీ మీద ఏమనుకోవాలో తెలియలేదు. ఆ పిల్లని నేనూ అన్నాను. మీరు ఎదురుగా అన్నారు, నేను చాటున రాశాను, అంతే తేడా.

ముందు దుర్గాసాయి ఇంటికి వెళ్ళాను. నేనే పెట్టమన్నానని మా ఆయనకి చెప్పేశానని, పనిలోకి రమ్మని చెప్పాను. కుర్చీ వేసి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. మీరు చెబుతారని మా ఆవిడ రోజూ అంటూనే ఉందమ్మా అన్నాడు. వాళ్ళావిడ అలా అనలేదని ఆవిడ ముఖం చూస్తేనే తెలిసింది. మా ఆయన నాతో రెండు రోజులు మాట్లాడలేదు, ఇప్పుడు కూరలో ఉప్పు గురించి మాత్రం మాట్లాడుతున్నారు.

తర్వాత ఆశాజ్యోతికి చెప్పాను. బియ్యం డబ్బాలోంచి పాత కృష్ణుణ్ణి తీసి దాని ముందు పెట్టాను. అది చాలాసేపు వేళ్ళతో తడిమి చూసింది. భయపడుతుందనుకుంటే నా మీద కోపం వచ్చింది దానికి. ఇన్ని వారాలు ఎవరికో నీళ్ళు పోయించావా, నాతో చెబితే నేనేమైపోతానమ్మా అంది. మీ మొదటి పేరా చదివాను. మిగతాది తనే లాక్కుని చదివేసింది.

చదివాక ఏం అడిగిందో అదే రాస్తున్నాను, నన్ను తిట్టకండి. "ఈ మాట అత్తయ్య నీలవేణక్కకి చెప్పిందా?" అంది. ఇంకా లేదనుకుంటా అన్నాను. నాకు నాలుగు రోజుల్లో రాయగలిగినప్పుడు అక్కకి రెండేళ్ళు పట్టిందేంటి అంది.

సీమంతానికి మీరు రావాలి. మొహమాటానికి కాదు, మీరు రాకపోతే నేను పీటల దగ్గర నిలబడలేను. కానీ వదినా, ఇక్కడికి వచ్చేలోపు అక్కడికి వెళ్ళండి. చిన్నదాన్ని, చెప్పకూడదు, అయినా చెబుతున్నాను. నీలవేణికి నేను కూడా ఉత్తరం రాశాను. అయిదు కాగితాలు చింపాక మూడు లైన్లు మిగిలాయి, అవే పోస్టు చేశాను.

ప్రసన్న


పిఠాపురం,
2-8-2024

ప్రసన్నా,

నిన్న వెళ్ళి వచ్చాను. పుష్కరాల రేవు చూసొస్తానని మీ అన్నయ్యకి చెప్పి రాజమండ్రి బస్సెక్కాను, అక్కడ మారి కొవ్వూరు మీదుగా పట్టిసీమ వెళ్ళాను. గోదావరి ఎర్రగా నిండుగా పారుతోంది. బస్సులో ఉన్నంతసేపూ ఏం చెప్పాలో వరసగా పెట్టుకున్నాను. దిగేసరికి ఒక్కటీ గుర్తులేదు.

వాళ్ళ అమ్మానాన్నా పొలం వెళ్ళారు. నీలవేణి ఊళ్ళో చిన్నపిల్లల బడిలో పాఠాలు చెబుతోంది. మధ్యాహ్నం దాకా అరుగు మీద కూర్చున్నాను. వచ్చి నన్ను చూసి ఆగిపోయింది. లోపలికి తీసుకెళ్ళి ఫ్యాను వేసి నీళ్ళిచ్చింది. నాకు ఎడమ చెవి కాస్త నయమని దానికి గుర్తుంది. పీట ఆ పక్కకి జరుపుకుని కూర్చుంది.

నీకు రాసిందే చెప్పాను. ఆ రోజు నేనన్నది అబద్ధమని, అబద్ధమని తెలిసే అన్నానని. ఎలా తోమాలో చూపించనిది నేనేనని, తప్పు చేస్తుంటే చూసి ఊరుకున్నానని. క్షమించమని అడగలేదు. అడిగితే ఆ భారం కూడా దాని మీదే పడుతుందనిపించింది.

అది మెల్లగా అంది, "తాడు చుట్టుకుందని డాక్టరుగారు చెప్పారండి. ఎందుకు చుట్టుకుందో మీరు చెప్పారు. రెండోదే నమ్మాను." రెండేళ్ళు నమ్మిందట ప్రసన్నా. బడిలో పిల్లలు పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంటే, మెల్లగా వదిలించుకునేదట.

నాకు ఏడవడానికి కూడా ముఖం చెల్లలేదు. లేచి వచ్చేద్దామనుకుని, భానుతేజ ప్రతి ఆదివారం వస్తున్నాడు కదా, వాడెప్పుడూ నన్ను ఏమీ అడగలేదేంటి అన్నాను. నేనన్న మాట వాడికి తెలిసే ఊరుకున్నాడనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ ఇంటికి వస్తే బిడ్డ గుర్తొస్తుందని, అందుకే రానని ఆయనతో చెప్పానండి అంది. నిజం ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను.

"చెబితే ఆయనకి అమ్మ ఉండదు కదండీ" అంది.

బస్టాపు దాకా వచ్చి ఎక్కించింది. మన ఇంటికి వస్తానని గానీ, నన్ను మళ్ళీ రావద్దని గానీ అనలేదు. నీ ఉత్తరం అందిందని చెప్పమంది. అంతకుమించి నీకూ నాకూ ఏమీ పంపలేదు.

సీమంతానికి వస్తాను. నీలవేణికి ఏం చేశానో ఆశాజ్యోతికి తెలుసు కాబట్టి, దాని ముందు నిలబడటానికి భయంగా ఉంది, అయినా వస్తాను. అయితే దానికంటే ముందు ఇంకొకటి ఉంది. ఆ పిల్ల రెండేళ్ళు నోరు నొక్కుకుని నా కొడుకుని నాకు మిగిల్చింది. వాడు ఆదివారం ఆదివారం బస్సెక్కి వెళ్ళి, అసలు ఎందుకు రానంటుందో తెలియక బుర్ర పగలగొట్టుకుని వస్తున్నాడు. నేను ఇక్కడ వాడికి వేడివేడిగా వడ్డిస్తూ, పాపం అంటున్నాను.

ఇప్పుడు పన్నెండున్నర అయింది. ఒంటిగంటకి భోజనానికి వస్తాడు. వడ్డించాక చెప్పాలా, వడ్డించకముందా అని పొద్దుటి నుంచి తేల్చుకోలేకపోయాను. ముందే చెబుతాను. విన్నాక నా చేతి అన్నం తింటాడో మానతాడో వాడి ఇష్టం.

బుజ్జమ్మ